ఇంజన్ లైటు వెలిగింది, ఇంట్లో ఉంచుకోవడానికి ఏ స్కానర్ కొనాలి?

నాగావళి, రాయగడ

అందరికీ నమస్కారం. నాది 2015 పెట్రోల్ కారు, చిన్నదే. కంపెనీ పేరు చెప్పను. చెబితే చర్చ స్కానర్‌ని వదిలేసి కార్ల మీదికి పోతుంది, మన సంగతి మనకు తెలిసిందే కదా.

పోయిన వారం పార్వతీపురం నుంచి వస్తుంటే కూనేరు దాటాక డ్యాష్‌బోర్డులో పసుప్పచ్చ ఇంజన్ బొమ్మ వెలిగింది. మిణుకుమిణుకుమనడం లేదు, అలా వెలిగే ఉంది. బండి బాగానే పోతోంది. ఏసీ వేసి రైల్వే గేటు దగ్గర ఆగితే మాత్రం స్టీరింగ్ వణుకుతోంది.

ఇక్కడ ఒక మిస్త్రీ ఏదో మెషీన్ పెట్టి చూసి "ఆక్సిజన్ సెన్సర్ పోయింది, మార్చేద్దాం" అన్నాడు. ఏ లోపమో బండి కంప్యూటర్ ఇచ్చే కోడ్ నంబరెంత అని అడిగితే "అవన్నీ మీకెందుకు సార్" అన్నాడు. అదిగో, అక్కడే ఆ కోడ్ చదివే స్కానర్ సొంతంగా ఒకటి కొనుక్కోవాలనిపించింది. ఆన్‌లైన్‌లో చూస్తే వందల నుంచి వేల దాకా ఉన్నాయి, అన్నిటి మీదా "అన్ని కార్లకూ పనిచేస్తుంది" అనే రాసుంది. బడ్జెట్ మూడు నాలుగు వేలు. ఫోన్ ఆండ్రాయిడ్. ఏది కొనమంటారు?

బరంపురం కుర్రాడు

దీనికింత ఆలోచనెందుకన్నా? నీలం రంగులో చిన్న బ్లూటూత్ డాంగిల్ దొరుకుతుంది, వెయ్యి లోపే. స్టీరింగ్ కింద సాకెట్‌లో గుచ్చు, ఫోన్‌లో టార్క్ యాప్ వేసుకో, కోడ్ కనిపిస్తుంది. క్లియర్ నొక్కితే లైటు ఆరిపోతుంది. మా ఫ్రెండ్ బండికి అలాగే చేశాం, టెన్షన్ పోయింది.

జైపూర్ గ్యారేజ్

లైటు ఆరిపోయింది సరే తమ్ముడూ, జబ్బేమైంది?

నాగావళి గారూ, నేను చేసేది ఇదే పని కాబట్టి నాలుగు మాటలు చెబుతాను. క్లియర్ నొక్కగానే కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా చెరిగిపోతుంది. లైటు వెలిగిన క్షణంలో ఆర్పీఎం ఎంత, స్పీడెంత, ఇంజన్ వేడెంత, లోడెంత అన్నది ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, రాసిపెట్టుకుంటుంది. మాకు సగం దారి చూపించేది అదే. అందుకని ఏ స్కానర్ కొన్నా ముందు కోడూ, ఫ్రీజ్ ఫ్రేమూ స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. క్లియర్ సంగతి ఆఖర్న.

కొనే ముందు రెండు సంగతులు చెప్పండి. పొగ నిబంధనల్లో బండి బీఎస్3నా (భారత్ స్టేజ్ 3), బీఎస్4నా? మొదట ఎక్కడ రిజిస్టరైంది?

2015 కదా, బీఎస్4 కాక ఇంకేముంటుంది అనుకోకండి. 2010లో బీఎస్4 మొదలైంది 13 నగరాల్లోనే. దేశమంతటికీ వచ్చింది 2017 ఏప్రిల్‌లో. మధ్యలో మన ఒడిశా వైపు బీఎస్3 బళ్ళు అమ్ముతూనే ఉన్నారు. బీఎస్4 బళ్ళకు 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2, అంటే ఇంజన్ లోపాలు తనే కనిపెట్టి ఒకే పద్ధతిలో కోడ్లుగా చెప్పే ఏర్పాటు, తప్పనిసరి. బీఎస్3 బండికి సాకెట్ ఉన్నా, అందులో ఈ మామూలు స్కానర్లకు తెలిసిన భాష ఉంటుందన్న గ్యారంటీ లేదు. కొన్ని పాత బళ్ళు సొంత కంపెనీ స్కానర్‌తో తప్ప మాట్లాడవు. ఎం-పరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి వివరాల్లో చూడండి.

నాగావళి, రాయగడ

చూశాను, భారత్ స్టేజ్ 4 అని ఉంది. హైదరాబాద్ నుంచి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చి ఇక్కడ ఓడీ-18 (రాయగడ) నంబరుకి మార్పించుకున్నాను.

పర్లాకిమిడి మాస్టారు

అయితే మీకు దిగుల్లేదు. స్టీరింగ్ కింద, మోకాలి పైన, ఒక పక్క వెడల్పుగా ఇంకో పక్క ఇరుకుగా 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. టార్చ్ వేసి చూస్తే కనిపిస్తుంది. 16వ పిన్ను బ్యాటరీ ప్లస్. 4, 5 ఎర్త్. 6, 14 మీద క్యాన్ నడుస్తుంది. 7వది కే-లైన్. ఈ రెండూ బండి కంప్యూటర్ స్కానర్‌తో మాట్లాడే భాషలు, అంటే ప్రోటోకాళ్ళు. ఆ ఏళ్ళ నాటి బళ్ళలో కొన్ని క్యాన్ మీద, కొన్ని ఇంకా కే-లైన్ మీదే ఉన్నాయి. అందుకే ఒకే డాంగిల్ పక్కింటి కారుకు పనిచేసి మన కారుకు "కనెక్ట్ కాలేదు" అంటుంది. బాగా చవక రకాల్లో కొన్ని ప్రోటోకాళ్ళు ఎగ్గొట్టేస్తారు.

బరంపురం కుర్రాడు చెప్పిన నీలం ముక్కకు కొంచెం చరిత్ర ఉంది. ఈఎల్ఎం327 అన్నది కెనడా కంపెనీ ఒకటి చేసిన చిప్పు. మొదటి వెర్షన్‌కు కాపీ కాకుండా తాళం వెయ్యలేదు. దాంతో ప్రపంచమంతా నకళ్ళు పుట్టాయి. 2022లో ఆ కంపెనీయే మూతపడింది. ఇప్పుడు పెట్టె మీద ఈఎల్ఎం327 అని రాసున్నవన్నీ దాదాపు నకళ్ళే. విచిత్రమేమిటంటే, "వెర్షన్ 1.5 అయితేనే మంచిది" అని మార్కెట్‌లో ఒక మాట ఉంది కదా, అసలు కంపెనీ 1.5 అనే వెర్షన్ విడుదలే చెయ్యలేదు! కాకపోతే 2.1 అని ముద్ర వేసుకున్న నకళ్ళలో చాలావాటికి కొన్ని కమాండ్లు రావు కాబట్టి, 1.5 అని ఉన్నవే కాస్త నయమన్న పేరు నిలిచిపోయింది.

నకలంటే పూర్తిగా దండగ అనను. ఇంజన్ కోడ్ చదవడానికి చాలాసార్లు సరిపోతుంది. ఇంజన్ నడుస్తుండగా అంకెలు చూపే లైవ్ డేటా దగ్గరికొచ్చేసరికి నత్తనడక నడుస్తుంది, మధ్యలో తెగిపోతుంది.

వంశధార ఒడ్డు, గుణుపురం

నాకు ఫోనూ, యాపూ, బ్లూటూత్ ఈ మూడింటి గొడవ పడదు. స్క్రీన్ ఉన్న చేతి స్కానర్ కొనుక్కున్నాను. ఆటెల్, ఆన్సెల్, ఫాక్స్‌వెల్ లాంటి కంపెనీల్లో చిన్నవి ఉంటాయి. వైరు గుచ్చితే బండి కరెంటుతోనే వెలుగుతుంది. లాగిన్ లేదు, ప్రకటనలు లేవు. కోడ్ చూపిస్తుంది, ఫ్రీజ్ ఫ్రేమ్ చూపిస్తుంది, అంతే. ధర డాంగిల్ కంటే ఎక్కువే. కానీ మా ఆయన ఫోన్ ఆయన జేబులో ఉన్నప్పుడు కూడా నా పని ఆగదు.

బరంపురం కుర్రాడు

అక్కా, ఆ చిన్న తెరలో గ్రాఫులేం కనిపిస్తాయి! సరే, నాదొక డౌటు. ఇప్పుడు ఐఫోన్‌కి మారాను. పాత డాంగిల్ అసలు జతే అవ్వడం లేదు. డాంగిల్ పోయిందా?

పర్లాకిమిడి మాస్టారు

పోలేదు నాయనా. పాత రకం బ్లూటూత్ డాంగిల్ ఐఫోన్‌తో పనిచెయ్యదు. ఐఫోన్‌కు వైఫై డాంగిల్ కానీ, బ్లూటూత్ లో ఎనర్జీ రకం కానీ కావాలి. వైఫైది కొంటే ఒక చిక్కు: ఫోన్ దాని వైఫైకి తగులుకున్నంతసేపూ నెట్ పోతుంది, కోడ్ అర్థమేమిటో వెతుకుదామంటే దారి ఉండదు. రెండో రకమే మేలు.

సుంకి ఘాట్, కోరాపుట్

నేను ట్యాక్సీ తోలతాను. బీఎస్6 డీజిల్. నాకు ఈ కోడ్ చదివే డాంగిళ్ళతో సగమే పని జరిగింది. డీపీఎఫ్, అంటే పొగలో మసి పట్టే ఫిల్టర్, దాని లైటు వచ్చిందంటే డాంగిల్ పీ2463 అని చూపిస్తుంది, మసి పేరుకుందని. ఎంత పేరుకుంది, ఆఖరిసారి ఎప్పుడు కాలింది అన్నది కంపెనీ సొంత డేటాలో ఉంటుంది. మామూలు యాప్‌కి అది అందదు. డీజిల్ వాళ్ళు కొనేముందు ఇది చూసుకోండి.

ఇంకొకటి. మావాళ్ళు "ఘాట్ రోడ్డులో తిప్పితే మసి కాలిపోతుంది" అంటారు. సాలూరు నుంచి సుంకి ఎక్కేటప్పుడు నిజమే, సైలెన్సర్ వేడెక్కుతుంది. దిగేటప్పుడు గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తాం కదా, అప్పుడు డీజిల్ కాలదు, చల్లటి గాలి పోయి పోయి వేడి మొత్తం దిగిపోతుంది. మసి కాలాలంటే 550, 600 డిగ్రీలుండాలి. జైపూర్ నుంచి నవరంగపూర్ వైపు చదును రోడ్డు మీద ఒకే స్పీడ్‌లో ఓ అరగంట పోనిస్తే నయం. కోరాపుట్ బజార్లో చిన్న చిన్న ట్రిప్పులు వేస్తేనే నాకు లైటు వస్తుంది.

జైపూర్ గ్యారేజ్

సుంకి ఘాట్ అన్నయ్య చెప్పింది అక్షరాలా నిజం. నిలబెట్టి మసి కాల్చడానికి ఈసీయూకి ఆర్డర్ వెయ్యాలి. అలా ఇటు నుంచి అటు కమాండ్ పంపే స్కానర్లు వేరే రకం. లాంచ్, ఆటెల్, థింక్‌కార్ వాళ్ళ దగ్గర ఉన్నాయి, ధర ఎక్కువ, ఏడాదికోసారి సబ్‌స్క్రిప్షన్ కూడా ఉంటుంది. ఇంజెక్టర్ మార్చాక దాని మీద ఉండే నంబరు ఈసీయూలో ఎక్కించడం, తాళం కోడింగ్, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్లు, ఇవన్నీ ఆ కేటగిరీ. ఇంట్లో ఒక్క కారున్నవాళ్ళు దానికి డబ్బు పెట్టడం అనవసరం. అవసరమొచ్చినప్పుడు గ్యారేజ్‌కి వెళ్ళి చేయించుకోండి. మసి మాత్రం ఎండుగడ్డి మీద, గడ్డివాము పక్కన నిలబెట్టి కాల్చనివ్వకండి, నిప్పంటుకుంటుంది.

నాగావళి గారికి నా సలహా: చవక నకలు వద్దు, పెద్ద మెషీన్ వద్దు. మధ్య రకం డాంగిల్ తీసుకోండి. వీగేట్ వాళ్ళ వీలింకర్, ఐకార్ ప్రో, లేదంటే ఓబీడీలింక్. యాప్ కార్ స్కానర్ అని ఉంటుంది, ఉచిత వెర్షన్‌తో పని నడుస్తుంది. వచ్చాక ముందు కోడ్ నంబరు చెప్పండి. ఈలోపు లైటు మిణుకుమిణుకుమంటే మాత్రం బండి పక్కన ఆపెయ్యండి. సిలిండర్‌లో మిస్‌ఫైర్, అంటే పెట్రోల్ సరిగా మండకపోవడం, గట్టిగా అవుతోందని దానర్థం. కాలని పెట్రోల్ సైలెన్సర్‌లోకి పోయి పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని తినేస్తుంది. కన్వర్టర్ ధర వింటే స్కానర్ ధర గుర్తు కూడా ఉండదు.

పర్లాకిమిడి మాస్టారు

మధ్యలో ఒక చిన్న మాట. అదే సాకెట్‌లో గుచ్చితే మైలేజీ పెంచుతుందని ఒక ప్లాస్టిక్ బిళ్ళ అమ్ముతున్నారు. మా పిల్లవాడు తెచ్చాడు, నేను విప్పి చూశాను. లోపల లైట్లు మిణుకుమిణుకుమనిపించే చిన్న చిప్పుంది. క్యాన్ పిన్నుల నుంచి వచ్చే దారి ఎక్కడికీ కలవలేదు. ఇంజన్‌తో మాటే కలపని వస్తువు మైలేజీ ఎలా పెంచుతుందో ఆ అమ్మినవాడే చెప్పాలి. స్కానర్ అనుకుని అది కొనకండి.

నాగావళి, రాయగడ

వీలింకర్ తెప్పించాను. కోడ్ పీ0171. యాప్‌లో "సిస్టమ్ టూ లీన్, బ్యాంక్ 1" అని రాసుంది. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో స్పీడు సున్నా, ఇంజన్ వేడి 91. అంటే ఆక్సిజన్ సెన్సరేనా?

బరంపురం కుర్రాడు

లీన్ అంటే పెట్రోల్ తక్కువని. అది చెప్పింది ఆక్సిజన్ సెన్సరే కదా, అది పాడై తప్పు చెబుతోందేమో. మిస్త్రీ చెప్పింది కరెక్టే అనిపిస్తోంది.

జైపూర్ గ్యారేజ్

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఆ సెన్సర్ పొగలో ఆక్సిజన్ ఎక్కువుందని చెప్పింది. చెప్పినవాడే దొంగ అనడానికి ఇంకా ఆధారం లేదు. గాలి ఎక్కువై ఉండొచ్చు, పెట్రోల్ తక్కువై ఉండొచ్చు. ఏదో తేల్చడానికి కొత్త పార్టు అక్కర్లేదు, మీ చేతిలో ఉన్నదే చాలు.

లైవ్ డేటాలో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అని ఉంటుంది. ఈసీయూ తన లెక్క కంటే ఎంత శాతం పెట్రోల్ అదనంగా పోస్తోందో అది చెబుతుంది. అటూ ఇటూ పది లోపల ఉంటే మామూలే. ఇంజన్ బాగా వేడెక్కాక న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఐడిలింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా, ఎంతుందో రాసుకోండి. తర్వాత 2500 ఆర్పీఎం దగ్గర కాసేపు పట్టి ఉంచి మళ్ళీ రాయండి. పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకోండి, రోడ్డు మీద నడుపుతూ ఫోన్ చూడొద్దు.

ఇంకోటి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటగానే పైపుకు సెన్సర్ ప్లగ్గు ఉందా?

నాగావళి, రాయగడ

ఉంది, డబ్బా మూతి దగ్గరే వైరుతో ఒక ప్లగ్గుంది.

ఐడిలింగ్‌లో ప్లస్ 22. 2500 దగ్గర ప్లస్ 6కి దిగింది. షార్ట్ టర్మ్ ట్రిమ్, అంటే అప్పటికప్పుడు చేసే సవరింపు, రెండు చోట్లా సున్నా చుట్టూ ఆడుతోంది.

జైపూర్ గ్యారేజ్

అయితే అది గాలిని కొలిచే సెన్సర్. కొలత అయ్యాక, అంటే ఆ సెన్సర్‌కీ ఇంజన్‌కీ మధ్యలో, ఎక్కడో దొంగగాలి లోపలికి పోతోంది. ఐడిలింగ్‌లో ఇంజన్ పీల్చే గాలే తక్కువ, అందులో ఆ కన్నం వాటా పెద్దది, అందుకే 22. రేస్ చేస్తే అసలు గాలి పెరిగి కన్నం లెక్కలోకి రాకుండా పోతుంది, అందుకే 6. ఇదే తిరగబడి, ఐడిలింగ్‌లో మామూలుగా ఉండి లోడ్ పడితే పెరిగితే, పెట్రోల్ పంపో ఫిల్టరో అనుకునేవాణ్ణి.

ఆ సెన్సర్ లేకుండా మ్యానిఫోల్డ్‌లో ప్రెషర్ కొలిచే బళ్ళకు ఈ లెక్క ఇంత నేరుగా కుదరదు, మిగతావాళ్ళు గుర్తుపెట్టుకోండి.

ఇంజన్ చల్లారాక ఆ సెన్సర్ నుంచి ఇంజన్‌కు పోయే ముడతల రబ్బరు పైపును చేత్తో వంచి చూడండి, ముఖ్యంగా కింది వైపు. క్లాంపులు లాగి చూడండి. సన్న వాక్యూమ్ పైపులు కూడా. వేడి ఇంజన్ మీద కార్బ్ క్లీనర్ స్ప్రే (మండే ద్రవం) కొట్టి వెతకమని వీడియోలు చెబుతాయి, ఆ పని మీరు చెయ్యకండి.

వంశధార ఒడ్డు, గుణుపురం

ఈలోపు నాదొక ప్రశ్న. స్కానర్ సాకెట్‌లోనే ఉంచేస్తే బ్యాటరీ దిగిపోతుందా? నా తమ్ముడు డాంగిల్ తియ్యడు, వారానికోసారి బండి తీస్తాడు.

పర్లాకిమిడి మాస్టారు

దిగుతుందమ్మా. 16వ పిన్నుకు తాళంతో సంబంధం లేదు, ఎప్పుడూ కరెంటుంటుంది. డాంగిల్ 50 మిల్లీ ఆంపియర్లు లాగుతోందనుకుంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లు అనుకోండి, పది రోజులు కదలకుండా ఉంటే మూడో వంతు పోయినట్టే. పాత బ్యాటరీ అయితే స్టార్ట్ కాదు. నిద్రపోయే ఏర్పాటున్న డాంగిళ్ళు ఉన్నాయి, అయినా తీసి డ్యాష్‌బోర్డు డ్రాయర్‌లో పడెయ్యమనండి.

అన్నట్టు, అదే యాప్‌లో వోల్టేజీ కూడా కనిపిస్తుంది. ఇంజన్ ఆపి కాసేపయ్యాక 12.6 దగ్గర, నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే బ్యాటరీ, ఆల్టర్నేటర్ రెండూ క్షేమం.

నాగావళి, రాయగడ

దొరికింది!

పైనుంచి చూస్తే పైపు కొత్తదానిలా ఉంది. చెప్పినట్టు కింది వైపు వేలు పెట్టి ముడతల మధ్య తడుముకుంటూ పోతే ఒక చోట గోరు దిగింది. పైపును పైకి వంచాను, రెండు ముడతల మధ్య చీలిక చేప మొప్పలా తెరుచుకుంది. వదిలేస్తే మూసుకుపోయి గీత కూడా కనపడదు. లోపలి అంచుకు సన్నగా దుమ్ము పట్టి ఉంది. ఇంజన్ ఊగినప్పుడల్లా తెరుచుకుంటోందన్నమాట.

కొత్త పైపు ఇక్కడ లేదంటే పార్వతీపురం నుంచి బస్సులో తెప్పించుకున్నాను. ఆక్సిజన్ సెన్సర్‌కి చెప్పిన రేటులో అది ఒక మూలకు కూడా రాదు. వేశాక కోడ్ క్లియర్ చేశాను. నాలుగు రోజులుగా తిప్పుతున్నాను, ఐడిలింగ్‌లో ట్రిమ్ ప్లస్ 3 చూపిస్తోంది. ఏసీ వేసినా స్టీరింగ్ కదలడం లేదు.

జైపూర్ గ్యారేజ్

శుభం. యాప్‌లో రెడీనెస్ మానిటర్లు, అంటే బండి తనకు తాను చేసుకునే పరీక్షలు, అని ఒక పేజీ ఉంటుంది. క్లియర్ చేసినప్పుడు అవన్నీ మొదటికొచ్చి ఉంటాయి, బండి తిరిగేకొద్దీ ఒక్కొక్కటే పూర్తవుతాయి. అన్నీ పూర్తయ్యాక కూడా పెండింగ్‌లో కోడ్ ఏమీ లేకపోతే అప్పుడు నిశ్చింతగా ఉండండి. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు కూడా ఈ పేజీ చూడండి. లైటు లేదు, కోడ్ లేదు, మానిటర్లన్నీ ఖాళీగా ఉన్నాయంటే అమ్మేవాడు పొద్దున్నే క్లియర్ కొట్టి ఉండొచ్చు. బ్యాటరీ తీసి పెట్టినా అలాగే కనిపిస్తుంది కాబట్టి వెంటనే నింద వెయ్యకండి, కాస్త దూరం నడిపి మళ్ళీ చూడండి.

బరంపురం కుర్రాడు

మా ఫ్రెండ్ బండికి లైటు మళ్ళీ వచ్చింది. ఈసారి క్లియర్ కొట్టలేదు గ్యారేజ్ అన్నా, స్క్రీన్‌షాట్ తీశాం. పీ0420.

జైపూర్ గ్యారేజ్

అది కన్వర్టర్ సరిగ్గా పనిచెయ్యడం లేదనే కోడ్. వెంటనే కన్వర్టర్ మార్చమంటారు, తొందరపడకండి. సైలెన్సర్ జాయింట్ల దగ్గర లీకుందేమో, అంతకు ముందు మిస్‌ఫైర్ కోడ్లేమైనా వచ్చాయేమో చూడండి. వెనక ఆక్సిజన్ సెన్సర్ గ్రాఫ్ కూడా పెట్టండి. అది ముందు సెన్సర్‌లా గబగబా పైకీ కిందకీ కొట్టుకుంటోందా, ఒక చోట నిలకడగా ఉందా అన్నది కావాలి. దీనికి వేరే చర్చ మొదలుపెట్టు తమ్ముడూ, ఇక్కడ కలిసిపోతుంది.

కొత్త సభ్యుడు, ముణిగుడ

నమస్తే అండి. మొత్తం చదివాను. మా నాన్నగారి పాత డీజిల్ జీపు ఉంది, 2004ది. నల్ల పొగ వస్తోంది. దానికి కూడా వీలింకర్ సరిపోతుందా?

సుంకి ఘాట్, కోరాపుట్

ఆ జీపులో ఏ కంప్యూటరూ ఉండదు బాబూ. మామూలు ఇంజెక్షన్ పంపు, నాజిళ్ళు. స్కానర్ గుచ్చడానికి సాకెట్టే దొరకదు. ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి చూడు. అది శుభ్రంగా ఉంటే నాజిళ్ళు విప్పించి పంపు షాపులో టెస్ట్ చేయించు.